శివారు చెట్టు – చట్టపు నీడ



చెట్టు ఒకరి దొడ్డిలో మొలచును; దాని నీడ పదిమంది వాకిళ్లలో పడును. ఊరి నడుమనున్న రావిచెట్టుపై గొడ్డలి ఎత్తదలచినవాడు నలుగురి మాట వినక తప్పదు. మహానగరపు శివార్లలో ఆ నలుగురు ఒకరినొకరు ఎరుగరు. అందుచేత అచ్చట ఆ నలుగురి పని చట్టమునకు అప్పగింపబడినది.

మహారాష్ట్రలో పట్టణప్రాంతముల చెట్ల కొరకు 1975లో ఒక చట్టము చేయబడెను. దాని ప్రకారము పురపాలక సంస్థలు వృక్షాధికార సంఘములను ఏర్పరుపవలెను. ఆ సంఘము అనుమతి లేనిదే, తన సొంత స్థలములోని చెట్టునైనను ఎవరును నరుకరాదు. కొట్టదలచిన సంగతిని పత్రికలో ప్రకటించి, చెట్టు మొదటికి కూడ ప్రకటన అంటింపవలెను. చూచినవారు తమ అభ్యంతరమును తెలుపవచ్చును. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము కూడ, అనగా జనులు వాల్టా అని పిలుచునది, ముందు అనుమతి లేక చెట్టు కొట్టుటను నిషేధించినది.

ఇట్టి చట్టమునకు ఎంత బలము కలదో, ఎంత బలహీనత కలదో బొంబాయి శివారైన గోరేగాఁవ్‌లోని ఆరే కాలనీ చరిత్ర తెలుపుచున్నది. స్వాతంత్ర్యము వచ్చిన తొలి యేండ్లలో పాడిపశువుల కొరకు ఏర్పడిన కాలనీ అది. వార్లీ గిరిజనుల పాడలు అందే కలవు. భూగర్భ రైలుబండ్లను నిలుపు షెడ్డు కొరకు అచ్చట 2,600కు పైగా చెట్లను నరుకుటకో, పెకలించి వేరొకచోట నాటుటకో 2019 ఆగస్టు 29న వృక్షాధికార సంఘము అనుమతించెను. రైలు వచ్చిన రోడ్లపై మోటారుల రద్దీయు, పొగయు తగ్గునని ఒకరు వాదించిరి. షెడ్డును వేరుచోట కట్టవచ్చునని మరియొకరు వాదించిరి. రెండు వాదములును తీసివేయదగినవి కావు.

అక్టోబరు 4వ తేదీ శుక్రవారమున హైకోర్టు వ్యాజ్యములను కొట్టివేసెను. ఆ రాత్రియే చెట్లు కూలసాగెను. అడ్డుపడిన వారిలో 29 మంది అరెస్టయిరి. సోమవారమున సుప్రీంకోర్టు విచారణ జరిపి, ఇక చెట్లు కొట్టరాదని ఉత్తరువు చేసెను. కావలసినవన్నియు అప్పటికే కొట్టివేయబడినవని ప్రభుత్వపక్షము విన్నవించెను. ఆ మూడు దినములలో కూలినవి 2,141 చెట్లు.

కథ అంతటితో ముగియలేదు. 84 చెట్ల విషయమై అనుమతి కోరుటకు 2022లో సుప్రీంకోర్టు వీలు కల్పింపగా, రైలు సంస్థ 177 చెట్లకు అర్జీ పెట్టుకొనెను. 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆ సంస్థకు 10 లక్షల రూపాయల జరిమానా విధించెను. అయినను పని ఆగరాదని ఆ 177 చెట్లకును అనుమతించెను. 2025 అక్టోబరులో ఆ రైలుమార్గము పూర్తిగా ప్రారంభమైనది. ప్రయాణికులకు మేలే కలిగినది. కాని కూలిన చెట్లు తిరిగి నిలువలేదు.

ఇందు గ్రహింపవలసినది ఒక్కటి. అపహరింపబడిన పొలమును కోర్టు పదేండ్లకైనను తిరిగి ఇప్పింపగలదు. కొట్టిన చెట్టును ఏ కోర్టును నిలబెట్టజాలదు. మారుగా నాటిన మొక్క మనుమలకు నీడనిచ్చునేమో గాని, నేడు ఎండలో నిలిచిన ముసలివానికి ఈయదు. కావున చెట్టు విషయమున చట్టపు బలమంతయు గొడ్డలి పడుటకు ముందున్న ఆ కొద్ది దినములలోనే కలదు. జరిమానా, ప్రతిగా నాటుట మొదలైనవి పిదప వ్రాసికొను పద్దులు మాత్రమే.

ఆ కొద్ది దినములు వ్యర్థము కాకుండవలెనన్న, పత్రికలో మూలనుండు చిన్న ప్రకటనను చదువువాడొకడు ఉండవలెను. చదివినవాడు పొరుగువానికి చెప్పవలెను. ఇరువురును కలిసి గడువులోపల అర్జీ వ్రాయవలెను. పత్రిక చదువుటయు, పదిమందికి చెప్పుటయు, అర్జీ వ్రాయుటయు అలవరచునది గ్రంథాలయమే. ఇరువదియైదేండ్లుగా ఈ బల్లలపై పత్రికలు పరచుచున్న చేతులు ఆ పనినే చేయుచున్నవి.