యాభై దాటాక పని పోతే
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవంలో ఉద్యోగాలు పోవడం గురించి మాట్లాడతానంటే మన కార్యవర్గం వాళ్లు కాస్త సందేహించారు. పండుగ పూట ఆ ముచ్చట ఎందుకన్నారు. కానీ ఇలాంటి సభలకు రానివాళ్లలో కొందరు తీరిక లేక రారు, కొందరు "ఇప్పుడేం చేస్తున్నవ్?" అన్న ప్రశ్నకు జవాబు లేక రారు. ఆ రెండో రకం వాళ్ల గురించే నా మాటలు.

మన మెదక్‌కు ఇది కొత్త సంగతి కాదు. పక్కనే మంబోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీ ఉంది. 1937లో బోధన్‌లో పుట్టిన నిజాం షుగర్స్‌లో అదొక యూనిట్. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడింటికీ లేఆఫ్ ప్రకటించారు. చెరకు సీజన్ నడవాల్సిన నెలలో మిషన్లు ఆగిపోయాయి.

లేఆఫ్ అనే మాటకు చట్టంలో ఒక అర్థం, వాడుకలో ఇంకో అర్థం. అప్పుడు అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం లేఆఫ్ అంటే యాజమాన్యం తాత్కాలికంగా పని చూపించలేకపోవడం. పేరు రిజిస్టర్‌లోనే ఉంటుంది. అసలుకే తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో మనవాళ్లు లేఆఫ్ అంటున్నది నిజానికి ఈ రెండోదే. కొన్నిచోట్ల అది కూడా కాదు, మనచేతే రాజీనామా రాయించుకుంటారు. విజిటింగ్ కార్డు మీద మేనేజర్ అని ఉంది కాబట్టి మనకు ఏ చట్టమూ వర్తించదని అనుకోకండి. కోర్టులు హోదా పేరును కాదు, చేసే పనిని చూస్తాయి. సంతకం పెట్టేముందు ఒక్క రోజు గడువు అడిగి, తెలిసినవాళ్లతో మాట్లాడండి.

ఇక అసలు విషయానికి వస్తాను. చక్కెర ఫ్యాక్టరీలో పాన్ దగ్గర పనిచేసే మనిషి మరుగుతున్న పాకంలోంచి కాస్త తీసి, గాజుపలక మీద వేసి, వెలుతురుకు పట్టి చూసి గింజ ఎంతవరకు కట్టిందో చెప్పేస్తాడు. నేను ఇంజనీరింగ్ పుస్తకాల్లో చదివింది ఆయన కళ్లలో ఉంటుంది. ఫ్యాక్టరీకి తాళం పడితే ఆ విద్య పోదు. ఆ విద్య ఆయనకు ఉందని తెలిసిన మనుషులు చెల్లాచెదురైపోతారు. బాయిలర్ నడిపే సర్టిఫికెట్ ఉన్న మనిషినే తీసుకోండి. ఉప్పుడు బియ్యం మిల్లుకు బాయిలర్ ఉంటుంది, మందుల కంపెనీకి ఉంటుంది. మనోహరాబాద్, తూప్రాన్ దిక్కు ఎన్ని ఫ్యాక్టరీలు లేవు! అక్కడ మనిషి కావాలి, ఇక్కడ పని కావాలి. మధ్యలో చెప్పేవాడే ఉండడు.

అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ దగ్గరి న్యూటన్ పట్టణంలో కొత్త ఉద్యోగాల్లో చేరినవాళ్లను ఆరా తీశాడు. 1973లో ఆయన రాసిన వ్యాసం చాలా పేరు పొందింది. పరిచయాల ద్వారా పని దొరికినవాళ్లలో ఎక్కువమందికి కబురు అందింది ప్రాణస్నేహితుల నుంచి కాదు, ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ల నుంచి. ఆలోచిస్తే ఇది మనకూ అర్థమయ్యేదే. నాకు తెలిసిన కంపెనీలే మా బావమరిదికీ తెలుసు. నాకంటే నాలుగేళ్ల ముందు ఇదే బెంచీల మీద కూర్చుని ఇప్పుడు పటాన్‌చెరులోనో పుణెలోనో ఉన్న అన్నకు తెలిసినవి వేరు. నా దృష్టిలో పూర్వ విద్యార్థుల సంఘం అంటే ఇలాంటి సగం పరిచయాల మూట. 1939లోనే న్యూయార్క్‌లో నలభై దాటి పని పోయినవాళ్లు ఫార్టీ ప్లస్ అని ఒక క్లబ్బు పెట్టుకుని, ఒకరికొకరు పని వెతుక్కోవడంలో సాయపడ్డారు.

నాకు యాభై మూడేళ్లప్పుడు పని పోయింది. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. నాలాంటివాళ్లం ఆరుగురం ఆదివారం ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. తర్వాత అది వాట్సాప్ గ్రూప్ అయింది. మాలో ఒకాయన ఇంట్లో చెప్పలేక, టిఫిన్ డబ్బా పట్టుకుని రోజూ తొమ్మిదింటికి బయల్దేరి లైబ్రరీలో కూర్చునేవాడు. మొదటి నెల ఆయన మాతో ఏమీ మాట్లాడలేదు, వినేవాడు, అంతే.

మెల్లగా కొన్ని పద్ధతులు కుదిరాయి. "ఉద్యోగం ఇప్పించు" అని ఎవరినీ అడగొద్దు. అలా అడిగితే ఇవ్వలేనివాడు మొహం చాటేస్తాడు. "ఫలానా కంపెనీ మెయింటెనెన్స్‌లో నీకు తెలిసినవాళ్లున్నారా?" అని అడిగితే పేరూ నంబరూ దొరుకుతాయి. డబ్బు ముందు కట్టమనే ఉద్యోగం గురించి గ్రూపులో పెట్టకూడదు. గుడ్ మార్నింగ్ పువ్వులు కూడా వద్దన్నాం, కానీ ఆ పద్ధతి నిలబడలేదు!

ఇంకో సంగతి చాలామందికి పనికొచ్చింది. పీఎఫ్ పింఛన్‌కు పదేళ్ల సర్వీసు ఉంటే యాభై నిండాక ముందుగానే తీసుకోవచ్చు. కానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది, ఆ కోత జీవితాంతం ఉంటుంది. పని పోయిన వారంలోనే ఆ ఫారం నింపబోయినవాళ్లను ఆపి, ముందు లెక్క వేసి చూపించాం.

మాకు ఎదురైన పెద్ద చిక్కు వేరే. పని దొరకగానే మనిషి గ్రూపులోంచి వెళ్లిపోతాడు. చేదు రోజులు గుర్తుకొస్తాయి కాబట్టి తప్పుపట్టను. కానీ చివరికి మిగిలేది పని లేనివాళ్లమే. నలుగురు ఖాళీ మనుషులు ఒకరికొకరు ఏ తలుపు చూపిస్తారు? అసలు కావలసింది పనిలో ఉన్నవాళ్లు. అందుకే ఈ పని విడి గ్రూపుగా కాక, మన సంఘమే ఎత్తుకోవాలని కోరుతున్నాను. ఇక్కడైతే పని దొరికినా ఎవరూ బడి వదిలి వెళ్లలేరు.

భోజనాల దగ్గర ఒక పుస్తకం పెట్టించాను. ముందు సగం పనిలో ఉన్నవాళ్లకు: ఏ ఊరు, ఏ పని, వారంలో ఎప్పుడు ఫోన్ చేయొచ్చు అన్నది రాయండి. వెనక సగం పని వెతుక్కుంటున్నవాళ్లకు. అందులో రాయడానికి ఇబ్బందిగా ఉంటే నాతో పక్కకు వచ్చి చెప్పినా చాలు. వంటలు అయిపోయి షామియానా విప్పేదాకా అక్కడే ఉంటాను.