కాపరికి తీర్పు కుర్చీ వద్దు
(కంభంలో క్రైస్తవ వేదాంత విద్యార్థుల స్నాతకోత్సవంలో చేసిన ప్రసంగం)

 

పట్టాలు అందుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రేపటి నుంచి మిమ్మల్ని అయ్యగారూ, అమ్మగారూ అని పిలుస్తారు. మీ తాతల వయసువాళ్ళు మీరు వస్తుంటే లేచి నిలబడతారు. ఎవరికి బాప్తీస్మం ఇవ్వాలి, ఎవరిని ప్రభు బల్లకు దూరంగా ఉంచాలి, ఏ పెళ్ళికి ప్రార్థన చేయాలి, ఏ భూస్థాపనకు వెళ్ళాలి అనేవన్నీ మీ మాట మీద నడుస్తాయి. ఈ అధికారం గురించే మీతో మాట్లాడదామని వచ్చాను.

మన కంభం చెరువును నింపే గుండ్లకమ్మే దిగువకు పోయి, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి పక్కగా పారుతుంది. 1878 జూలై 3న అక్కడ ఒక్క రోజులో 2,222 మంది బాప్తీస్మం పొందారు. ఆ సంఖ్య మీకు కంఠతా వచ్చు. దానికి ముందు జరిగింది మాత్రం మన గుళ్ళలో తక్కువగా చెప్పుకుంటాం. అది 1876-78 కరువు కాలం. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. ఆ జనం బాప్తీస్మం ఇమ్మని అడిగారు. ఆయన పదిహేను నెలలపాటు ఎవరికీ ఇవ్వలేదు. కూలి కోసం క్రీస్తును ఒప్పుకున్నారన్న నింద వాళ్ళ మీద పడకూడదని, కరువు సాయం ముగిసేదాకా ఆగారు.

అయినా నింద పడింది. తిండి కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. కంభంలో, మార్కాపురంలో బాప్టిస్టు మిషను కేంద్రాలు వెలిసింది ఆ తర్వాతే. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది ముత్తాతలు ఆ నింద మోసినవాళ్ళే. వాళ్ళ గుండెలో ఏముందో ఎవరూ అడగలేదు. ఆకలిని చూశారు, కులాన్ని చూశారు, తీర్పు చెప్పేశారు. తీర్పు ఎంత నొప్పి పెడుతుందో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అందుకే, అదే పని మన సంఘాలు చేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఈ మధ్యే ఇటువైపు ఒక పల్లెలో జరిగింది చెబుతాను. ఊరి పేరు అనవసరం. రెండెకరాల రైతు. బోరు వేశాడు, పడలేదు. ఇంకోటి వేశాడు, నాలుగు రోజులు పోసి ఎండిపోయింది. అప్పు పెరిగింది. ఒక రాత్రి చేలోనే పురుగుల మందు తాగాడు. పొద్దున్నే సంఘ పెద్దలు కూడి, ఆత్మహత్య చేసుకున్నవాడికి సమాధి దగ్గర ప్రార్థన లేదని తేల్చారు. పాస్టరుగారు కుర్రవాడు, పెద్దల మాట దాటలేకపోయాడు. శవం ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంది. ఈగలు వాలకుండా పదేళ్ళ కూతురు తువ్వాలుతో విసురుతోంది. అప్పుడు ఒక ముసలమ్మ పాస్టరుగారి గుమ్మం దగ్గరికి వెళ్ళి, "అయ్యా, తమరు రాకపోతే మానె. పాటల పుస్తకం ఒకటి ఇప్పించండి" అని అడిగింది. ఆమెకు చదువు రాదు. పుస్తకం తెచ్చి, ఇంటర్ చదివే మనవరాలి చేత చదివించుకుంటూ, నలుగురు ఆడవాళ్ళను కూడగట్టి పాడింది. మట్టి వేసింది వాళ్ళే.

అప్పిచ్చినవాడికి ఆ వారం ఏ ఇబ్బందీ రాలేదు. నూటికి అయిదు రూపాయల వడ్డీ తీసుకునే ఆ మనిషి గుళ్ళో ముందు వరసలో కూర్చుంటాడు, దశమభాగం క్రమం తప్పకుండా ఇస్తాడు. చచ్చినవాడి పాపం అందరికీ కనిపించింది, బతికున్నవాడి పాపం రసీదు పుస్తకంలో కానుకగా జమైంది. పుదీనాకూ జీలకర్రకూ పదోవంతు లెక్కగట్టి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్ళతో ప్రభువు ఎంత కఠినంగా మాట్లాడాడో మత్తయి సువార్త 23వ అధ్యాయంలో మీరు చదివారు. సుంకరులతో, వేశ్యలతో ఆయన అలా మాట్లాడలేదు. ఆ కోపమంతా మతపెద్దల మీదే.

కులం సంగతి కూడా చెప్పాలి. ఒంగోలు మిషను తొలిరోజుల్లో అగ్రకులాలవాళ్ళు తమ పిల్లల్ని మిషను బడికి పంపారు. మాదిగలు సంఘంలో చేరుతుంటే, వాళ్ళను తీసుకుంటే మేం రామన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ దొర, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనిపించిందని ఆయనే రాసుకున్నారు. దేవుడు బలహీనుల్ని ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. వాళ్ళు ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగల పక్షాన నిలబడ్డారు, బడి పిల్లల్ని వదులుకున్నారు. అలా పుట్టిన సంఘం ఇవాళ ఒకే ఊళ్ళో మాలపల్లెకో గుడి, మాదిగపల్లెకో గుడి కట్టుకుని కూర్చుంది. పెళ్ళి సంబంధం దగ్గరికొస్తే క్రీస్తులో అందరం ఒకటే అన్న ప్రసంగం ఆగిపోతుంది. నేను వేషధారణ అంటున్నది దీన్నే.

వినుకొండలో పుట్టిన కవి జాషువాను గుర్తు చేసుకోండి. హిందూ పురాణాల ఇతివృత్తాలతో కావ్యాలు రాశాడని క్రైస్తవులే ఆయన్ని వెలివేశారు. ఆ కవే తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాశాడు. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆనాడు వెలి తీర్మానించిన పెద్దల పేర్లు ఇప్పుడెవరికీ తెలియవు.

ఇంకో మాట, మీకు తప్పక ఎదురయ్యేది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో అతను బీసీ-సీ కిందికి వస్తాడు, అందులో రిజర్వేషను ఒక శాతం. అందుకని ఆదివారం గుడికి వచ్చే కుటుంబమే సర్టిఫికెట్‌లో హిందువని రాయించుకుంటుంది. కొందరు బోధకులు దాన్ని పట్టుకుని వేదిక మీద నుంచి ఆ కుటుంబాన్ని యూదా అంటారు. సత్యం చెప్పాలనే నేనూ అంటాను. కానీ బిడ్డకు హాస్టలు సీటు కోసం భయపడుతున్న తల్లినీ, కడుపు నిండి కులం వదలని పెద్దమనిషినీ ఒకే తూకంలో వేయకండి. ఆ తల్లిని నిలదీయడానికి ముందు, గుళ్ళో ఆమె కులాన్ని మనం నిజంగా మరిచామా అని అడగండి. మతం మారినా అంటరానితనం ఆమెను వదలలేదని ప్రభుత్వాన్ని అడిగే గొంతు మీదవ్వాలి.

పాపాన్ని పాపం అనొద్దని నేను చెప్పడం లేదు. భార్యను కొట్టేవాణ్ణి ఆపండి. సంఘం డబ్బు తినేవాణ్ణి లెక్క అడగండి. ఎదుటివాడు బలవంతుడైనప్పుడు మీ గొంతు గట్టిగా ఉండాలి. బలహీనుడైతే ముందు వాళ్ళింటికి వెళ్ళి కూర్చోండి, మంచినీళ్ళు ఇస్తే తాగండి, జరిగింది మొత్తం వినండి.

మీలో కొందరు గిద్దలూరు వైపు, కొందరు నల్లమల పక్క గూడేలకు, మరికొందరు వలస కూలీల వెంట హైదరాబాదు శివార్లకు వెళ్తారు. ఎక్కడికి వెళ్ళినా, చనిపోయింది ఎవరైనా, ఎలా చనిపోయినా, కబురు వస్తే వెంటనే బయల్దేరండి. పెద్దలు వద్దన్నా వెళ్ళండి. మీ ఊళ్ళో రెండు పల్లెలకు రెండు గుళ్ళుంటే, వచ్చే క్రిస్మస్‌కు రెండు పల్లెలవాళ్ళనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి, మీరే వడ్డించండి.