పార్సెళ్ల బట్వాడాలో వరుసక్రమము

మన యింటికి రావలసిన పార్సెలు ఆలస్యమైనప్పుడు మనము సాధారణముగా దారిని, బండిని, బండి నడుపువానిని నిందింతుము. కాని ఆ పార్సెలు ప్రయాణమును మొదటినుండి పరిశీలించినచో, కాలము దారిలోనే గాక, బండి కదలుటకు ముందే పలుచోట్ల జారిపోవుచున్నదని తెలియగలదు. పార్సెళ్లను ఊళ్లవారీగా వేరుపరచు చోటను, వానిని బండిలో సర్దు చోటను జరుగు పనిని గూర్చి నేడు కొంత ముచ్చటించుకొందము.

ముందుగా ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక కేంద్రమునకు దినమునకు 1000 పార్సెళ్లు వచ్చుననుకొందము. ఒక్కొక్కదానిని అనవసరముగా ఒక్కసారి యెత్తి దింపుటకు 10 సెకనులు పట్టినచో, మొత్తము 10,000 సెకనులు, అనగా 2 గంటల 46 నిమిషములు వ్యర్థమగును. పార్సెలు సగటున 3 కిలోల బరువున్నచో, అచ్చటి పనివారు 3 టన్నుల బరువును ఊరక మోసినవారగుదురు. వారిని పరుగెత్తించుటవలన ఈ నష్టము తీరదు. ఎత్తి దింపవలసిన సార్లను తగ్గించుటయే దీనికి మందు.

ఈ విషయమున మన తపాలాశాఖ అనుభవము గమనింపదగినది. పూర్వము చిరునామాలోని ఊరిపేరును బట్టియే ఉత్తరములను, పార్సెళ్లను వేరుపరచుచుండిరి. ఏ యూరు ఏ జిల్లాలోనిదో, ఏ మార్గమున పంపవలెనో సార్టరు కంఠస్థము చేయవలసియుండెను. మన తెలుగునాటనే కొత్తపల్లి యనియు, రామాపురమనియు పేరుగల గ్రామములు పెక్కులున్నవి గదా! పైగా మన దేశమున భాషలు అనేకములు, లిపులు అనేకములు. ఈ చిక్కును తీర్చుటకై 1972 ఆగస్టు 15వ తేదీన పిన్ కోడు అమలులోనికి వచ్చెను. దానిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారు కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో ఉన్నతాధికారి. సంస్కృత కవి కూడ.

ఆ ఆరు అంకెలలో ఒక చక్కని క్రమమున్నది. 533101 అను రాజమహేంద్రవరపు సంఖ్యను తీసికొందము. మొదటి 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకములు చేరిన మండలమును తెలుపును. రెండవ అంకె అందులోని ఉపమండలమును, మూడవ అంకె వేరుపరచు జిల్లాను సూచించును. కడపటి మూడంకెలు బట్వాడా చేయు తపాలాకార్యాలయమునకు గురుతు. హైదరాబాదులోని ఉద్యోగికి అస్సాములోని పల్లె యెచ్చటనున్నదో తెలియనక్కరలేదు. మొదటి అంకె 7 అని చూచి, తూర్పు, ఈశాన్య ప్రాంతముల అరలో వేసిన చాలును. ధాన్యమును మొదట పెద్ద జల్లెడతోను, పిదప సన్నజల్లెడతోను జల్లించునట్లు, ప్రతి మజిలీలోను ఆ మజిలీకి కావలసిన అంకెలనే చూతురు.

వేరుపరచుట ముగిసిన పిమ్మట బండిలో సర్దవలెను. ఇచ్చటనే పెక్కు చోట్ల పొరపాటు జరుగుచుండును. చేతికి ముందందినదానిని ముందు పడవైచినచో, దారిలో ప్రతి ఊరను సరకంతయు తిరుగవేయవలసి వచ్చును. రాజమహేంద్రవరమునుండి ఒక బండి కడియము, మండపేట, రామచంద్రపురముల మీదుగా కాకినాడకు పోవుచున్నదనుకొందము. కాకినాడ పార్సెళ్లు అన్నిటికంటె ముందుగా లోపలికెక్కవలెను. తరువాత రామచంద్రపురమువి, ఆపైన మండపేటవి. కడియమువి తలుపు దగ్గరనుండవలెను. తుదకు దిగునది మొదట నెక్కవలెనన్నదే సూత్రము. కావున ఎక్కించుటకు ముందే దారి నిశ్చయము కావలెను. దారి జాబితాను తలక్రిందులుగా చదివిన, అదే ఎక్కించు జాబితా యగును.

అయితే బరువు సంగతి యేమి? బరువైనవి అడుగునను, తేలికవి, పగులునవి పైనను ఉండవలెను గదా. ఈ రెండు నియమములకు పొత్తు కుదుర్చుటకు ఉపాయము కలదు. ఒక్కొక్క ఊరికి బండిలో నేలనుండి పైకప్పువరకు ఒక గడి కేటాయించి, ఆ గడిలో మాత్రము బరువును బట్టి పేర్చవలెను. బరువంతయు వెనుకకు చేరినచో ముందు చక్రములపై ఒత్తిడి తగ్గి, స్టీరింగు పట్టు సడలును. కాబట్టి మరీ బరువైన పెట్టెలున్నచో, వాని వరుస కొంచెము చెడినను, ఇరుసుల నడుమ, కుడియెడమలు సరితూగునట్లు ఉంచుట క్షేమము. ప్రతి పార్సెలుమీది చిరునామా బయటికి కనబడునట్లు పెట్టినచో, వెదకుట తప్పును.

నేడు పెద్ద కేంద్రములలో బార్‌కోడును చదువు యంత్రములు, కదలు పట్టీలు వచ్చినవి. అవి ఏ పార్సెలు ఎచ్చటికి పోవలెనో క్షణములో చెప్పగలవు. కాని బండిలో అడ్డదిడ్డముగా పడిన పార్సెలును వెలికి తీయవలసినది మనిషియే. ఎండలో బండిలోపల వంగి, పైపెట్టెలు దింపి, అడుగుదానిని లాగువాని నడుమునొప్పి ఏ లెక్కపుస్తకమునను కనబడదు. ఎత్తుపని నడుము మట్టమున జరుగునట్లు బల్లలమర్చుట, చక్రములబండ్లు సమకూర్చుట అతనికి చేయు దయ కాదు. పని సాగుటకు అవసరము.

ఈ పనిలో మన వంతును కొంత కలదు. పార్సెలు పంపునప్పుడు పాత చీటీలను పూర్తిగా తొలగింతము. చిరునామాను ముడతలులేని వైపున వ్రాసి, ఆరు అంకెలను విడివిడిగా, స్పష్టముగా వేయుదము. 1 అన్నది 7 వలె కనబడినచో, గుంటూరుకు చేరవలసిన మందు మరియొక దారి పట్టవచ్చును. ఆ మందుకొరకు కాచుకొనియున్న రోగికి ఒక దినము చిన్నది కాదు. వ్రాయుటలో మనము చూపు అర నిమిషపు శ్రద్ధ ఆ దినమును నిలుపగలదని మా మనవి.