ప్లాస్మా కట్టర్ మొరాయించినప్పుడు



చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడ వంటి చోట్ల, చిన్న షెడ్లలో వానాకాలపు ఉదయాన తరచుగా ఎదురయ్యే సన్నివేశం ఒకటి ఉంది. శ్రీకాకుళం నుంచో నెల్లూరు నుంచో వచ్చిన పనివాడు 6 మిల్లీమీటర్ల ఇనుపరేకు మీద సుద్దతో గీత గీసి, టార్చి పట్టి, మీట నొక్కుతాడు. నిన్నటిదాకా నునుపుగా తెగిన రేకు ఈనాడు తెగదు. మంట చిటపటలాడుతుంది, నడుమ ఆరిపోతుంది, అంచు వంకరపోతుంది. పాడైన రేకు వెల కూలిలో కోత పెడతారేమోనని పనివాడి భయం. సరుకు అప్పగించవలసిన గడువు దాటుతుందని యజమాని ఆందోళన. "ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత యజమాని నోట వస్తుంది. పనివాడు యంత్రాన్ని తప్పుపడతాడు. కాని చాలాసార్లు చేతిదీ తప్పు కాదు, యంత్రానిదీ కాదు. కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీరే అసలు దోషి.

అందువల్ల గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే. లోపాన్ని బయటి నుంచి లోపలికి, ఖర్చు లేని కారణం నుంచి ఖర్చైన కారణం వైపు వెదకాలి. యంత్రం మూత విప్పడం చివరి పని కావాలి.

ఈ క్రమం అర్థం కావాలంటే యంత్రం పనిచేసే తీరు కొంత తెలియాలి. టార్చిలోని ఎలక్ట్రోడుకూ నాజిల్‌కూ నడుమ పుట్టిన విద్యుత్ చాపం అక్కడ ప్రవహించే గాలిని సుమారు 20,000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కిస్తుంది. ఆ స్థితిలో గాలి విద్యుత్తును మోయగల ప్లాస్మాగా మారి, నాజిల్ సన్నని రంధ్రం గుండా దూసుకువచ్చి లోహాన్ని కరిగిస్తుంది. కరిగిన లోహాన్ని అదే గాలి కిందికి ఊదివేస్తుంది. రేకు గుండా సాగిన విద్యుత్తు ఎర్త్ క్లాంపు ద్వారా యంత్రానికి తిరిగి చేరుతుంది. కావలసినవి మూడు: శుభ్రమైన గాలి, చాలినంత విద్యుత్తు, అది తిరిగి వచ్చే దారి. ఏ ఒక్కటి లోపించినా కోత చెడుతుంది.

మొదట గాలి. సముద్రతీర నగరాలలో గాలిలో తేమ ఎక్కువ. కంప్రెసర్ ఆ తేమను పిండి ట్యాంకులో నీరుగా నిలుపుతుంది. ఆ నీరు టార్చిలోకి చేరితే ఎలక్ట్రోడు కొనలో పొదిగిన హాఫ్నియం త్వరత్వరగా తరిగిపోతుంది. మంటలో ఆకుపచ్చ ఛాయ కనిపించిందంటే హాఫ్నియం అయిపోయి రాగి కాలుతున్నదని గుర్తు. పరీక్ష సులువు. మంట వెలిగించకుండా, గాలి పరీక్ష మీట వేసి, టార్చి ముందు పొడి తెల్లకాగితం పట్టాలి. కాగితంపై చెమ్మగాని నూనెమరకగాని పడితే కారణం దొరికినట్లే. ట్యాంకు అడుగున ఉన్న కుళాయిని పని మొదలుపెట్టే ముందూ ముగించిన తరువాతా తెరిచి నీటిని వదలాలి. ఫిల్టర్ గిన్నెనూ ఖాళీ చేయాలి.

పీడనాన్ని గాలి ఆగి ఉన్నప్పుడు కాక ప్రవహిస్తున్నప్పుడు చూడాలి. చేతితో నడిపే యంత్రాలలో చాలావాటికి 4.5 నుంచి 5.5 బార్ల పీడనం సరిపోతుంది. అయితే యంత్రంతో వచ్చిన పుస్తకంలోని అంకెయే ప్రమాణం. కోత మొదట్లో బాగుండి కొంతసేపటికి చెడుతూ ఉంటే, కంప్రెసర్ చిన్నదై గాలి చాలడం లేదని అనుమానించాలి.

రెండవది ఎర్త్ క్లాంపు. టార్చి వద్ద చిన్న మంట పుట్టి రేకుకు అంటుకోకపోతే చూడవలసినది ఇదే. తుప్పు మీద, రంగు మీద బిగించిన క్లాంపు విద్యుత్తుకు దారి ఇవ్వదు. అంగుళం మేర గీకి, మెరిసే లోహం మీద, కోతకు దగ్గరగా బిగించాలి. తెగి కిందపడే ముక్కకు బిగిస్తే కోత ముగిసే క్షణంలో మంట ఆరుతుంది.

మూడవది అరిగే భాగాలు. ఎలక్ట్రోడు కొనలో గుంట సుమారు 1.5 మిల్లీమీటర్ల లోతుకు చేరితే దానిని మార్చాలి. నాజిల్ రంధ్రం గుండ్రదనం కోల్పోయి కోడిగుడ్డు ఆకారం పొందితే మంట పక్కకు వంగి అంచు వాలుగా తెగుతుంది. ఈ భాగాలను విప్పే ముందు యంత్రం ఆపి, ప్లగ్గు తీయాలి. చాలా యంత్రాలలో టార్చి వద్ద 200 వోల్టులకు మించిన పీడనం ఉంటుంది. బిగింపు వదులైతే రక్షణ మీట పని ఆపి, గాలి వచ్చినా మంట రాదు.

నాలుగవది కరెంటు. 40 ఆంపియర్ల కట్టర్ పూర్తి బలంతో నడిచేటప్పుడు సింగిల్ ఫేజు లైనులో 20 ఆంపియర్లకు మించి లాగుతుంది. ఇంటి సాకెట్టు, సన్నని పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు అందుకు చాలవు. కంప్రెసరూ అదే వైరు మీద నడిస్తే, కంప్రెసర్ మొదలైన ప్రతిసారీ మంట బలహీనపడుతుంది.

ఇవన్నీ సరిగా ఉన్న తరువాతనే చేతి వేగం సంగతి. స్లాగు అని పనివారు పిలిచే చిట్టెం ఇక్కడ గురువు. అడుగు అంచున చిట్టెం లావుగా, బుడగలుగా పేరుకొని సుత్తి తగలగానే రాలిపోతే చేయి నెమ్మదిగా నడిచిందని అర్థం. సన్నని గట్టి గీతలా అతుక్కొని గ్రైండరు లేనిదే ఊడకపోతే చేయి తొందరపడిందని అర్థం. నిప్పురవ్వలు కిందికి పోక పైకి ఎగసిపడితే రేకు ఆరుపారుగా తెగడం లేదు. వెంటనే వేగం తగ్గించాలి, లేదా ఆంపియర్లు పెంచాలి. రవ్వలు రేకు కింద కొంచెం వెనుకకు వాలి పడుతుంటే వేగం కుదిరినట్లు. గాలి టార్చిలో సుడి తిరుగుతూ వస్తుంది కనుక సాధారణంగా నడక దిశకు కుడివైపు అంచు నిటారుగా వస్తుంది. అందుచేత పనికివచ్చే ముక్క కుడివైపు ఉండేటట్లు నడవాలి. మందపాటి రేకు నడుమ రంధ్రం వేసేటప్పుడు టార్చిని వాల్చి మొదలుపెట్టి, మంట అవతలికి దిగిన తరువాత నిలబెట్టాలి. లేకపోతే కరిగిన లోహం ఎగిరి నాజిల్‌ను పాడుచేస్తుంది.

పని ముగిసిన తరువాత గాలి కొంతసేపు వీస్తూనే ఉంటుంది. అది టార్చిని చల్లార్చే గాలి. అది ఆగకముందే కరెంటు తీయడం వల్ల కొత్త నాజిళ్లు కూడా త్వరగా చెడతాయి.

ఒక రేకు పాడైతే మరొకటి కొనవచ్చు. కన్ను పాడైతే కొనలేము. 40 నుంచి 60 ఆంపియర్ల పనికి 6వ నంబరు నల్లద్దం వాడాలి. మామూలు చలువ కళ్లద్దాలు పనికిరావు. జింకు పూత ఉన్న రేకు కోసినప్పుడు లేచే తెల్లని పొగ పీలిస్తే సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. దానిని వాననీటి జ్వరమని పొరబడేవారున్నారు. స్టెయిన్‌లెస్ స్టీలు పొగలోని క్రోమియం ఊపిరితిత్తులకు మరింత హాని చేస్తుంది. తలుపులు తెరిచి, పొగ ముఖం వైపు రాకుండా ఫ్యాను పెట్టి, మాస్కు ధరించి పని చేయాలి. నూనె, పెట్రోలు నింపిన పాత పీపాలను ఖాళీగా కనిపించినా కోయరాదు. లోపలి ఆవిరి పేలుతుంది.

ఇన్ని చూసినా లోపం తీరకపోతే అప్పుడే మూత విప్పవలసిన సందర్భం. అది కూడా పని తెలిసినవాడే చేయాలి. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది.

ఒకే షెడ్డులో తెలుగువాడు, తమిళుడు, బిహారు నుంచి వచ్చినవాడు ఒకే టార్చిని వంతులవారీగా పట్టుకొంటారు. ఉదయం ఒకరు వదలవలసిన ట్యాంకు నీరే మధ్యాహ్నం మరొకరి కోతను చెడగొడుతుంది. కనుక గాలి, క్లాంపు, నాజిల్, వైరు, చేయి అన్న ఈ వరుసను ఒక అట్ట మీద, అక్కడ పనిచేసేవారు చదవగల భాషలన్నింటిలో రాసి, యంత్రం పక్కన వేలాడదీయడం మంచిది. ఆ అట్టకు పట్టే ఖర్చు ఒక నాజిల్ వెల కూడా కాదు. పనివాడి కూలిలో పడే కోతను ఆపడానికి అది చాలు.