ఊపిరి లెక్కపెట్టాలంటే దగ్గరికి రావాలి



‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో బాబాసాహెబ్ 1929లో అచ్చయిన ఒక ఉత్తరాన్ని చేర్చారు. రాసింది కాఠియావాడ్‌లోని ఒక దళిత ఉపాధ్యాయుడు. బాలింతగా ఉన్న ఆయన భార్యను డాక్టర్ ముట్టుకోలేదు. థర్మామీటర్‌ను కూడా ఒక ముస్లిం చేతుల మీదుగా అందించాడు. న్యుమోనియా అన్నాడు. ఆమె బతకలేదు.

మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లలను బలితీసుకునే జబ్బుల్లో న్యుమోనియా ఇప్పటికీ ముందు వరసలోనే ఉంది. పిల్లల డాక్టరుగా నేను చెప్పేదొక్కటే: దాన్ని గుర్తించడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, అంతకు మించినా ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. రెండు నెలలు నిండని బిడ్డయితే, లేదా డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా నేరుగా ఆసుపత్రికే.

నివారణా చేతిలోనే ఉంది. ఆరు నెలలు తల్లిపాలే పట్టాలి. పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు, న్యుమోకోకల్ టీకా 6, 14 వారాలకు, 9 నెలలకు ప్రభుత్వం ఉచితంగా వేస్తుంది.

కానీ గడప బయట నిలబడి ఊపిరి లెక్కపెట్టడం కుదరదు. అందుకే పరిశోధన కోసం వాడలకు వెళ్లే విద్యార్థులను కోరుతున్నాను. ‘టీకా వేశారా?’ అని అడిగి ఆగకండి. ‘ఆరోగ్య సిబ్బంది ఇంట్లోకి వచ్చారా? బిడ్డ ఛాతీ చూశారా?’ అని కూడా అడగండి. జవాబులు రాసుకోండి.