గాయమునకు పక్షము లేదు
(సమాజ సభలో చేసిన ప్రసంగపాఠము)



సూరతు ప్రాంతమునుండి ఎందఱో వర్తకులు దక్షిణాఫ్రికాకు వెళ్లి స్థిరపడిరి. అచ్చటి నేటాలు చెఱకుతోటలకే 1860 మొదలు మదరాసు రాజధానినుండి తమిళులతోపాటు మన తెలుగువారును ఒడంబడిక కూలీలుగా ఓడలెక్కిరి. గుజరాతీయులును దక్షిణదేశీయులును కలిసి డోలీలు మోసిన ఘట్టమొకటి ఆ దేశచరిత్రలో కలదు.

1906లో తలపన్నును ఎదిరించి జూలూ నాయకుడు బంబాట తిరుగబడెను. గాంధీగారు అప్పటికి బ్రిటిషు సామ్రాజ్యము లోకమునకు మేలు చేయునని నమ్మినవారు. క్షతగాత్రులను మోయుటకు దళమును కూర్చి ప్రభుత్వమున కర్పించిరి. అందు 24గురు, నలుగురు గుజరాతీలు, ఒక పఠాను, తక్కినవారు ఒడంబడిక తీఱిన దక్షిణదేశపు కూలీలు.

తీరా చేరిచూడగా వారికి అప్పగింపబడినవారు తెల్ల సైనికులు కారు, జూలూలు. వారిలో అనేకులు పోరున గాయపడినవారును కారు. అనుమానముపై పట్టుబడి కొరడాదెబ్బలు తినినవారు కొందఱు. ప్రభుత్వపక్షమున నుండియు పొరపాటున గుండ్లు తగిలినవారు కొందఱు. పుండ్లు చీము పట్టియుండెను. వారికి ఉపచరించుటకు తెల్లవారు ఒప్పుకొనలేదు. వైద్యాధికారి మనవారిని చూచి సంతోషించి, కట్లుగుడ్డలును మందులును చేతికిచ్చెను. మనవారు పుండ్లు కడుగుచుండగా తెల్ల సైనికులు కటకటాల సందులనుండి తొంగిచూచి వలదనిరి; వినకపోగా జూలూలను నోటికి వచ్చినట్లు దూషించిరి. మనవారు పని మానలేదు. భాష తెలియకున్నను జూలూల చూపులలో కృతజ్ఞత కనబడెను.

యుద్ధమున గాయపడిన సైనికుడు ఏ దేశమువాడైనను చికిత్స చేయవలెనని 1864 నాటి జెనీవా ఒప్పందము చెప్పెను. కాని అది రాజ్యములమధ్య ఒప్పందము. కొండలలో కొరడాదెబ్బలు తినిన జూలూకు దాని నీడ అందలేదు. ఆ లోటును తీర్చినవారు, తామే నిన్నటివరకు తోటయజమానుల ఆజ్ఞకు లోబడిన కూలీలు.

ఒక ప్రశ్న మిగులును. పీడించువాని కొలువున చేరి, పీడితుని పుండు కడుగుట కరుణ యగునా? గాంధీగారే ఆ ప్రశ్నను దాచలేదు. అది యుద్ధము కాదు, మనుష్యుల వేట యని ఆత్మకథలో వ్రాసిరి. తమ దళమునకు జూలూల సేవ దక్కినందుననే మనస్సు కొంత ఊరటపడినదనిరి. ఆయనయే 1930లో, నాడు సూరతు జిల్లాలోనిదైన దండి తీరమున ఆ సామ్రాజ్యపు ఉప్పు చట్టమును ధిక్కరించిరి.

శత్రుత్వము మరణముతో తీఱునని రామాయణము నేర్పును. ఆ డోలీ మోసినవారు మరణమువఱకు ఆగలేదు. వారిలో పలువురి పేర్లు మన యిండ్లలో ఎవరికిని తెలియవు. ఈ సాయంకాలము మన పిల్లలకు వారి కథనైనను చెప్పుదము.