గట్టిగా అరిచేదే పెద్ద దిగులు కాదు
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థిని ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈమధ్య తరచుగా కనబడే మాట "బుర్ర పనిచేయడం లేదు". ఒకరికి అమ్మానాన్నలను ఆసుపత్రుల చుట్టూ తిప్పే పని, ఒకరికి కూతురి పెళ్లి, ఇంకొకరికి బ్యాంకు వాయిదాలు. అన్నీ ఒకేరోజు మీద పడితే ఏం చేయాలి? 30 ఏళ్లు క్యాజువాలిటీలో నర్సుగా పనిచేసినదాన్ని. అక్కడ నేర్చుకున్నదే చెబుతాను.

బస్సు ప్రమాదం జరిగి ఒకేసారి ఇరవై మందిని తీసుకొస్తే, ముందొచ్చినవాళ్లకు ముందు అని వైద్యం మొదలుపెట్టం. మొదట వేరుచేస్తాం. దీన్ని ట్రయాజ్ అంటారు. వెంటనే చూడకపోతే ప్రాణం పోయేవాళ్లకు ఎర్ర గుర్తు, కాసేపు ఆగగలిగినవాళ్లకు పసుపు, నడవగలిగినవాళ్లకు ఆకుపచ్చ. కొత్తగా చేరిన నర్సులకు మేం చెప్పే మాట ఒకటుంది: గట్టిగా అరిచేవాడికి ఊపిరి ఆడుతోందని అర్థం. చప్పుడు లేకుండా పడివున్నవాణ్ణి ముందు చూడు.

మనసులోనూ అంతే. ఆఫీసు మెసేజి పదిసార్లు మోగుతుంది. నాన్నగారి బీపీ మాత్రలు అయిపోయిన సంగతి మోగదు. అందుకే తల దిమ్మెక్కినప్పుడు నేను మూడు పనులు చేస్తాను. మొత్తం ఐదు నిమిషాలు పట్టదు.

మొదటిది ఊపిరి. ముక్కుతో గాలి పీల్చి, దాని మీదే ఇంకొంచెం పీల్చి, నోటితో నెమ్మదిగా, పూర్తిగా వదలండి. ఇలా ఐదారుసార్లు చాలు. గాలి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. ఒక్క హెచ్చరిక: ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే ఇలాంటివేవీ చేస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.

రెండోది కాగితం. మనిషి ఒకేసారి మనసులో సుమారు ఏడు విషయాలు పట్టుకోగలడని 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశారు. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను నాలుగుకు దించారు. మనమేమో పదిహేను మోస్తూ తిరుగుతాం. వాటిని వరస చూడకుండా, అక్షరం బాగుందా లేదా అని చూడకుండా, అన్నీ కాగితం మీద దించేయండి. గ్యాస్ బుకింగ్ నుంచి కొడుకు ఉద్యోగం దాకా.

మూడోది గుర్తులు పెట్టడం. ఈ పూట చేయకపోతే నష్టం జరిగేదానికే ఎర్ర గుర్తు. మిగతావాటి పక్కన ఎప్పుడు చేస్తారో రాయండి: "గురువారం సాయంత్రం", "జీతం వచ్చాక". మన చేతిలో లేనివాటిని కొట్టేయండి. 'ఆలస్యం అమృతం విషం' అన్నారు పెద్దలు. 'నిదానమే ప్రధానం' అనీ వాళ్లే అన్నారు. రెండూ నిజమే. మొదటిది ఎర్ర గుర్తుకు, రెండోది మిగతావాటికి.

ఇలా చేస్తే కష్టాలు తీరిపోవు. కానీ చేయాల్సిన పని ఒకటి కళ్లముందు కనబడుతుంది. ఆ పూటకి అది చాలు.

ఇక ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఫలితాలు వచ్చే రోజుల్లో మా వార్డుకు పిల్లలు వచ్చేవారు. చాలామందిని ఇంటికి పంపగలిగాం. కొందరిని పంపలేకపోయాం. ఆ తల్లులందరూ దాదాపు ఒకే మాట అనేవారు: "మా పిల్ల ఏమీ చెప్పలేదమ్మా." చప్పుడు చేయని పిల్లలను ముందు చూడాలని నేను అనేది అందుకే.

2011లో సైన్స్ పత్రికలో జెరార్డో రమీరెజ్, సియాన్ బైలాక్ ఒక పరిశోధన ప్రచురించారు. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్నప్పుడు, పరీక్షలంటే బాగా భయపడే పిల్లలు మెరుగ్గా రాయగలిగారు. మన బడిలోనూ ఒక యూనిట్ టెస్టుకు ముందు తెల్లకాగితం ఇచ్చి చూడండి. ఎవరూ చదవరని, మార్కులు వేయరని ముందే చెప్పండి. రాశాక చింపేసుకోమనండి.

కాగితంతో తీరని బాధ కూడా ఉంటుంది. అలాంటప్పుడు మాట్లాడటానికి మనిషి కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

స్వర్ణోత్సవ నిధితో ఏమేం కట్టించాలో కమిటీవారు ఆలోచిస్తున్నారు. భవనాలు కట్టండి, సంతోషం. దాంతోపాటు ప్రతి తరగతి గదిలో నల్లబల్ల పక్కన ఆ ఐదు అంకెలు పెద్దగా రాయించండి. రంగు ఖర్చు నాది.

సెలవు.